పన్నెండు డిగ్రీల అబద్ధం

"ఇది రోడ్డు మీద తిరిగే కారండీ, రాకెట్ కాదు" అన్నాడతను, ఆమె ఇచ్చిన కాగితం చూసి.

"నేను రాకెట్ అడగలేదు. రెండువందల ఎనభై ఎనిమిది డిగ్రీల కామ్‌షాఫ్ట్ అడిగాను. చదవడం వచ్చా?"

పరిచయం అలా పోట్లాటతో మొదలైంది. ఆమె డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. వారమంతా "మెల్లగా, క్లచ్ మెల్లగా వదలండి" అని జనానికి నేర్పి, ఆదివారం వస్తే డ్రాగ్ రేసు ట్రాక్ మీద దుమ్ము లేపుతుంది. అందరికీ ఆమె టీచరమ్మ. అతను మేనమామ షాపులో కామ్‌షాఫ్ట్‌లు గ్రైండింగ్ చేస్తాడు. అతని చేతిలో కొలత వెంట్రుకవాసి కూడా తప్పదని అందరూ మిల్లీమీటరు అని పిలుస్తారు. ఆ పేరు అతనికి మహా గర్వం, పాపం.

ఇంజన్ వాల్వులు ఎంతసేపు తెరిచి ఉండాలో తేల్చేది కామ్‌షాఫ్టే. డిగ్రీలు పెంచి ఎక్కువసేపు ఉంచితే ట్రాక్ చివరిదాకా బండి రెచ్చిపోతుంది గానీ, సిగ్నల్ దగ్గర దగ్గి దగ్గి ఆగిపోతుంది. తగ్గిస్తే వీధిలో బుద్ధిగా నడుస్తుంది, ట్రాక్ మీద ఆయాసపడుతుంది. రెండూ కావాలంటే అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టే.

"రెండువందల డెబ్బై ఆరు చాలండి. రోజూ దీంట్లోనే పనికెళ్తారు కదా. మధ్యలో ఆగిపోతే వెనకవాళ్లు తిడతారు."

"తిడితే నన్ను తిడతారు. మధ్యలో మీకేంటి నొప్పి?"

నొప్పి ఏమిటో అతనికీ అప్పటికి తెలియదు. వారం తిరిగేసరికి బాగానే తెలిసొచ్చింది.

కొత్త ఇంజన్ ఆ షాపులోనే ఒక మూల బిగించుకుంటానంది. రోజూ సాయంత్రం క్లాసులవగానే వచ్చేది. చేతికి గ్రీజు అంటించుకుని, అదే చేత్తో జుట్టు వెనక్కి తోసుకునేది. చెంప మీద నల్లటి గీత పడేది. ఆ సంగతి చెప్పకుండా అతను గంటలు గంటలు చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు వాన షట్టరు లోపలిదాకా కొట్టింది. ఇద్దరూ ఇంజన్ మీద ఒకే టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డారు. ఆ వానలోనే మీరు కాస్తా నువ్వయింది.

"ఇప్పటికైనా డెబ్బై ఆరుకి ఒప్పుకుంటావా?"

"ఎనభై ఎనిమిది. చచ్చినా తగ్గను."

ఆమె మొండితనానికి కారణముంది. రాబోయే రేసులో గెలిచినవాళ్లను ఒక రేసింగ్ టీమ్ తమ డ్రైవరుగా తీసుకుంటుంది. ఇక ఏడాది పొడుగునా ఊరూరా రేసులే. ఏడేళ్లుగా ఆమె కన్న కల అది. ఆ మాట చెప్పిన రోజు అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు కామ్ గ్రైండింగ్ చేశాడు. డెబ్బై ఆరుకి చేశాడు. దానితో ఇచ్చే కొలతల కార్డు మీద ఎనభై ఎనిమిది అని రాశాడు. ఆమె మేలు కోసమే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఇంజన్ కారులో ఎక్కించి స్టార్ట్ చేయగానే ఆమె తల పక్కకి వంచి వింది.

"ఇంత బుద్ధిగా ఉందేంటి? కాస్తయినా ఊగాలి కదా?"

"చేసిన చెయ్యి అలాంటిది మరి."

"ఒకసారి కొలిచి చూడనా?"

"ఏం, నా మీద నమ్మకం లేదా?"

ఆమె డయల్ గేజ్ తిరిగి డబ్బాలో పెట్టేసింది. "నీ మాటకి గేజ్ ఎందుకులే" అని నవ్వింది. అతనికి ఆ నవ్వు చూస్తూ నిలబడటం కష్టమైంది.

ఆదివారం ఆమె సగం కారు పొడవు తేడాతో ఓడిపోయింది. సగం ట్రాక్ దాకా ముందే ఉంది, చివర్లో బండికి ఊపిరి చాల్లేదు. హెల్మెట్ తీసి అతని భుజం మీద తల వాల్చి ఏడ్చింది.

"గేర్ నేనే ఆలస్యంగా మార్చాను. తప్పంతా నాదే."

"పోనీలే, ఊరుకో" అన్నాడు. అంతకన్నా నీచమైన మాట అతను జీవితంలో అనలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆమె వానలో నడుచుకుంటూ వచ్చింది. గుడ్డలో చుట్టిన కామ్‌షాఫ్ట్ బల్ల మీద పెట్టింది. పక్కనే కార్డు పెట్టింది.

"ఎక్కడ తప్పు చేశానో అర్థంకాక, తీసేముందు కొలిచాను. నాలుగుసార్లు కొలిచాను. గేజ్ పాడైందేమోనని ఇంకోటి తెచ్చి మళ్లీ కొలిచాను."

లోపల మేనమామ మిషన్ ఆపేశాడు.

"నీ కోసమే..." అన్నాడతను.

"నా కోసమా?"

"కాదు. నా కోసమే. గెలిస్తే వెళ్లిపోతావని. ట్రాక్ మీద నీకేమైనా అవుతుందని భయమని చెప్పుకున్నాను గానీ అదంతా వంక. నువ్వంటే నాకు ప్రాణం. సాయంత్రం నువ్వు రాకపోతే నేను ఉండలేను."

ఎన్నిసార్లో మనసులో అప్పజెప్పుకున్న మాట. చెప్పాక గుండె తేలికపడుతుందనుకున్నాడు. బండరాయి పెట్టినట్టయింది.

"ప్రాణమా?" అంది. "ఇది ఎన్ని డిగ్రీలు తగ్గించి చెప్తున్నావ్?"

అతను బల్ల మీది కార్డు బోర్లా తిప్పాడు.

"ఆ టీమ్ వాళ్లకి ఇంజన్ పని చేసేవాడు కూడా కావాలట. నేను గెలిస్తే నిన్నూ తీసుకోమని ముందే మాట్లాడాను. ఆదివారం సాయంత్రం నీకు చెబుదామనుకున్నాను, నాతో వస్తావా అని. నన్నడిగితే నీ సొమ్మేం పోయేది? నా బతుకులో ఎంత వేగం ఉండాలో నువ్వెవరు కోసి పెట్టడానికి?"

"తప్పయిపోయింది. మళ్లీ చేసిస్తాను. ఇవాళే..."

"వద్దు. వచ్చే ఏడాది మళ్లీ రేసుంది. అడిగిన కొలత అడిగినట్టు చేసేవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారో చెప్పు, చాలు."

నేనే అనబోయాడు. ఇకమీదట అది నిజమే అయ్యేది కూడా. కానీ అతనికన్నా పనిమంతుడు ఊళ్లో ఒకడున్నాడు. మేనమామతో గొడవపడి వేరే షాపు పెట్టుకున్న పాత పనివాడు. వాడి మాట ఆ షాపులో ఎత్తకూడదు. అక్కడికి పంపితే ఇక ఆమె ఇటు రాదు.

"రైలు గేటు దాటాక నీలం షట్టరు" అన్నాడు. "నాకన్నా బాగా చేస్తాడు."

లోపల మేనమామ మిషన్ మళ్లీ ఆన్ చేశాడు.



"ఈ ఒక్కటీ నిజమే చెప్పావ్" అంది ఆమె. చున్నీతో కళ్లు తుడుచుకుని, తల మీద కప్పుకుని, రైలు గేటు వైపు నడిచింది.