బ్యాటరీ గదిలో దగ్గు

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వైపు వస్తుంటే, మెట్రో నీడ దాటాక ఎడమచేతి సందులో ఒక బిల్డింగు ఉంది. దాని నాలుగో అంతస్తు మంచిది కాదంటారు. నాలుగో అంతస్తులోనూ ముఖ్యంగా చివరి గది. పగలు ఎవరూ ఏమీ అనరు... పొద్దుపోయాకే గొంతులు తగ్గుతాయి.

లోపల్నుంచి దగ్గు వినిపిస్తుందట. ఆడమనిషి దగ్గు. తలుపు కింద సందులోంచి చల్లటి గాలి వచ్చి పాదాలకు తగులుతుందట. బయట ఎండకి కాగిన గోడలు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంటే — అక్కడ మాత్రం చలి.

ఎవరామె అంటే ఒక్కొక్కరిది ఒక్కో కథ. ఒకప్పుడు అక్కడ సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ ఉండేదట, కోర్సు మధ్యలో ఒకమ్మాయి పోయిందట. కాదు, లేడీస్ హాస్టలట, నిప్పంటుకుందట. పేరేంటంటే తెలీదు. ఏ ఊరంటే తెలీదు. అమీర్‌పేటలో ఒకప్పుడు కోచింగ్ సెంటర్ కాని బిల్డింగేదైనా ఉందా? ఆ లెక్కన ప్రతి అంతస్తుకీ ఒక దెయ్యం అద్దెకుండాలి.

ఈ సంగతంతా నాకు చెప్పింది మా అక్క కూతురు హైందవి. కాకినాడ నుంచి వచ్చి, శ్రీనగర్ కాలనీలో మా ఇంట్లోనే ఉంటూ, ఆ నాలుగో అంతస్తులోని ఆఫీసులో రాత్రి షిఫ్టు చేస్తుంది. ఈ వసుమతి పిన్ని నోరు, అంటే నా నోరు, మంచిది కాదని మా చుట్టాలందరికీ తెలుసు. దానికీ తెలుసు. అయినా చెప్పింది.

ముందు వాళ్ళ ఉద్యోగమేంటో చెప్పాలి, లేకపోతే నా మంట మీకర్థం కాదు.

అమెరికా పడమటి తీరంలో సముద్రాన్ని ఆనుకుని కొండలున్నాయి, కొండలకవతల లోయలున్నాయి. వేసవిలో అక్కడ నెలల తరబడి చినుకు రాలదు. గడ్డి అంతా ఎండి పెళపెళలాడుతుంది. తీరం మీద పొగమంచు కమ్మి చల్లగానే ఉంటుంది గానీ, ఆ మంచుకి పైనున్న కొండలు రాత్రిపూట కూడా పొడిబారే ఉంటాయి. అవతలి లోయల్లో మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది. ఇక ఒక్క నిప్పురవ్వ చాలు, అడవికి అడవే పోతుంది. ఏ లోయలో గాలి ఎటు వీస్తోంది, ఏ కొండ మీద తేమ ఎంతకి పడిపోయింది, ఎక్కడ ప్రమాదం... ఇదంతా తెరల మీద చూసి, రంగులు వేసి, అక్కడి కరెంటు కంపెనీకి హెచ్చరిక పంపడం వీళ్ళ పని. వాళ్ళ మధ్యాహ్నం మనకి అర్ధరాత్రి కాబట్టి రాత్రి షిఫ్టు.

అంటే, ఎక్కడో సముద్రాలవతల నిప్పు పుట్టకముందే ఇక్కడ కూర్చుని కనిపెట్టే మేధావులన్నమాట.

ఈ మేధావులకి లీడ్ రఘురామ్. పెద్ద చదువే చదివాడు. దగ్గు సంగతి తెలియగానే మొదట ఆ గది గుమ్మానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టించాడు. తర్వాత బూడిద గుమ్మడికాయ వేలాడదీశాడు. దగ్గు ఆగలేదు. గురువారం సాయంత్రాలు కమాల్ భాయ్ అనే ఆయన లోబాన్ పొగ, అదే సాంబ్రాణి ధూపం, పట్టుకుని ఆ సందులో దుకాణం దుకాణానికీ తిరుగుతుంటాడు. ఆయన్ని పైకి పిలిపించాడు. ఇది గిరాకీ బాగుండాలని వేసే పొగ సార్, దెయ్యాల సంగతి నాకు తెల్వదు అని ఆయన నవ్వాడట. అయినా వినకుండా ఆ గుమ్మం ముందు మబ్బులా పొగ వేయించాడు.

పైకప్పుకున్న పొగ అలారం ఊరుకుంటుందా? కుయ్యోమని మోగింది. బిల్డింగంతా కిందికి పరిగెత్తింది, ఓనరు వచ్చి తిట్టిపోశాడు. అప్పుడు రఘురామ్ చేసిన ఘనకార్యం వినండి. బిర్యానీ పార్సిల్ కవర్లు తెచ్చి, నాలుగో అంతస్తులో ఉన్న అలారాలన్నిటికీ తొడిగించి, రబ్బరు బ్యాండ్లు వేయించాడు. వారం వారం లోబాన్ వేయాలి కదా మరి.

నిప్పు గురించి హెచ్చరించడానికి జీతం తీసుకునే మనిషి, నిప్పు గురించి హెచ్చరించే వస్తువు నోరు కట్టేశాడు. ఒక్కడంటే ఒక్కడికి నవ్వు రాలేదు. హైందవికి కూడా రాలేదు, అది నాకు మరీ కోపం.

ఆ చివరి గదిలో ఉన్నవి బ్యాటరీలు. కరెంటు పోతే కంప్యూటర్లు ఆగకుండా గోడపొడుగునా పేర్చినవి. అవి వేడెక్కకూడదని రాత్రింబవళ్ళు ఏసీ నడుస్తుంది. తలుపు కింద చలిగాలికి కారణం అదే. ఆ మాత్రం వాళ్ళకీ తోచింది. కానీ బ్యాటరీలు దగ్గవు కదా పిన్నీ అంది హైందవి. అదీ నిజమే.

మేలో ఒక గురువారం, అమావాస్య కలిసొచ్చింది. రఘురామ్ అత్తగారి ఊళ్ళో ఎవరో ఫోన్లో ఉపాయం చెప్పాడట. రాత్రి ఆ తలుపుకి బయటినుంచి గొళ్ళెం వేసి ఎర్రదారం చుట్టు. తెల్లారేదాకా ఏ చప్పుడొచ్చినా తియ్యొద్దు. పేరు పెట్టి పిలుస్తుంది... పలకొద్దు. ఏడుస్తుంది... కరగొద్దు. తెల్లారేసరికి పీడ విరగడవుతుంది.

రఘురామ్ లోపలికి తొంగి కూడా చూడకుండా, కళ్ళు మూసుకుని గొళ్ళెం వేసి, చేతికందినంత దారం చుట్టి వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఆ రాత్రి షిఫ్టులో ఉన్నది ముగ్గురే. రఘురామ్, హైందవి, ఫహాద్ అనే కుర్రాడు.

పని కూడా ఆ రాత్రి ఎక్కువే. అక్కడ లోయలు కొలిమిలా ఉన్నాయి. కొండల మీద తేమ గంట గంటకీ పడిపోతోంది. హైందవి ఒక్కో లోయకీ పసుపు తీసి నారింజ, నారింజ తీసి ఎరుపు వేస్తోంది...

అప్పుడు వాసన వచ్చింది.

లోబాన్ వాసన ఇంకా పోలేదన్నాడు ఫహాద్. అంతే అయ్యుంటుందనుకున్నారు. సాయంత్రం వేసిన పొగ అర్ధరాత్రి దాటాక కొత్తగా ఎలా వస్తుందని ముగ్గురిలో ఒక్కరూ అనుకోలేదు.

తర్వాత దగ్గు.

ఎప్పుడూ వినేలా ఒకటీ అరా కాదు... తెరలు తెరలుగా. ఆగి, మళ్ళీ. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రఘురామ్ పెదవి మీద వేలు పెట్టాడు.

ఆ తర్వాత తలుపు చప్పుడు. ముందు చేత్తో... తర్వాత దేంతోనో. గొళ్ళెం గలగలమంటోంది. గుమ్మడికాయ ఊగుతోంది.

రఘురామ్ ఫోన్లో స్తోత్రం పెట్టి చప్పుడు పెంచాడు. లోపలి చప్పుడు కూడా పెరిగింది. ఆయన ఇంకా పెంచాడు.

ఒక పక్క తెర మీద లోయలన్నీ ఎర్రగా ఉన్నాయి. హెచ్చరిక పంపే టైము దాటిపోతోంది. ముందు అది పంపమని, తల తిప్పొద్దని, హైందవికి సైగ చేశాడు. అది టైపు చేసింది — కొద్దిపాటి పొగ కనిపించినా నిర్లక్ష్యం చేయవద్దు అని. ఇంగ్లీషులో. పంపింది కూడా.

అప్పుడే లోపలి గొంతు దాని పేరు పిలిచింది.

"హైందవమ్మా..."

గొంతు బొంగురుగా ఉంది, గీరుకుపోయి ఉంది. ఎక్కడా విన్నట్టు లేదు. ఫహాద్ కుర్చీ వెనక్కి జరిపాడు. పేరు పెట్టి పిలుస్తుందని ముందే చెప్పాను కదా అన్నట్టు రఘురామ్ తలూపాడు. మా పిల్ల చెవులు మూసుకుంది. మూసుకున్నా వినిపించింది.

"హైందవమ్మా... దమ్మాడ్తలేదు బిడ్డా... తలుపు తియ్యి..."

ఇక్కడే మా పిల్ల బుర్ర పనిచేసింది. ఆలస్యంగానైనా పనిచేసింది, సంతోషం. దెయ్యానికి ఊపిరాడకపోవడమేంటి? చచ్చినదానికి ఊపిరితో పనేంటి?

లేచింది. రఘురామ్ అడ్డంగా నిలబడి, నీకు పిచ్చా, అది అలాగే నమ్మిస్తుంది అని గుసగుసగా అన్నాడు. దాని చెయ్యి కూడా పట్టుకున్నాడు. హైందవి ఒక్క మాటే అంది.

"మనిషయితే?"

చెయ్యి విదిలించుకుని పరిగెత్తింది. దారం ముడి మీద ముడి పడి ఉంది, విప్పితే రాదు. ఫహాద్ వెనకాలే వచ్చి తాళంచెవితో కోశాడు. గొళ్ళెం లాగగానే నల్లటి పొగ మొహాన కొట్టింది. ఆ పొగ కింద... నేల మీద పాకుతూ... జుట్టు విరబోసుకుని, మొహమంతా మసి పూసుకుని, కళ్ళు ఎర్రగా ఒక ఆకారం గుమ్మం దాటి వాళ్ళ కాళ్ళ మీద పడింది.

రఘురామ్ ఒక్క కేక పెట్టి లిఫ్టులోకి దూరాడు. నిప్పంటుకున్నప్పుడు లిఫ్టు ఎక్కకూడదని, సముద్రాలవతలి నిప్పు గురించి హెచ్చరించే ఈయనకి తెలీదు.

కాళ్ళ మీద పడింది భూలక్ష్మి. ఆఫీసు ఊడ్చి, సాయంత్రం నుంచి అందరికీ టీ ఇచ్చే మనిషి. రోజూ కప్పు పక్కన పెట్టి పోతుంది, వీళ్ళు తెర మీంచి కళ్ళెత్తరు. ఇన్ని నెలల్లో ఆమెతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే, గొంతు ఎంత బొంగురుపోయినా ఎవరో ఒకరు గుర్తుపట్టేవాళ్ళు. ఈ మాట హైందవి నాతో చెప్తూ ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఏడవాల్సిందే.

ఫహాద్ ఆఫీసు మెయిన్ స్విచ్ ఆపి, ఆమెను భుజానికెత్తుకుని, మెట్ల మీద అడ్డంగా పడేసిన అట్టపెట్టెలను తన్నుకుంటూ కిందికి దింపాడు. ఫైరింజన్ వచ్చింది. లోపల ఒక బ్యాటరీ ఉబ్బి, దాని వైర్లు కాలి, పక్కవాటికి అంటుకుందట. ఇంకాసేపు ఆ గొళ్ళెం తియ్యకపోతే ఏమయ్యేదో వాళ్ళు చెప్పారు. నేనిక్కడ రాయను.

తెల్లారాక ఆసుపత్రి నుంచి హైందవి ఆమెను తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చింది. మజ్జిగ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, తల దించుకుని, అడగకుండానే చెప్పింది.

మురికి నాలా పక్కన బస్తీలో రేకుల గది. కొడుకూ కోడలూ పిల్లలూ అందరూ అందులోనే. వేసవిలో రాత్రిపూట కూడా ఆ రేకులు కాలుతూనే ఉంటాయి, పడుకుంటే ఒళ్ళంతా బొబ్బలు. బ్యాటరీలకున్న చల్లదనం చూసింది. పని అయిపోయాక ఇంటికి పోతున్నట్టు పోయి, మెట్లెక్కి వెనక్కొచ్చి, ఆ గదిలో గోడ పక్కన పడుకునేది. ఒక రాత్రి దగ్గు ఆపుకోలేకపోయింది. మర్నాడు టీ ఇస్తుంటే దెయ్యమని చెప్పుకోవడం విన్నది. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని భయపడుతున్నదానికి... అదే దారి చూపించినట్టయింది.

"నేను సుత విన్న అని చెప్పిన అమ్మా. దెయ్యమంటె ఎవ్వరు రారు గద. మంచిగ నిద్ర పట్టేది."

తనని కాపాడుకోవడానికి తనే పెంచిన దెయ్యం. ప్రాణం మీదికి వచ్చి అరిస్తే, ఆ అరుపు కూడా దెయ్యం ఖాతాలోకే పోయింది. ఎవర్నీ తిట్టకుండా ఆమె గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోశాను. నా విషయంలో అది చిన్న సంగతి కాదు.

ఇక ఆఫీసు వాళ్ళ న్యాయం. రాత్రిపూట అనుమతి లేకుండా ఆఫీసులో పడుకున్నందుకు భూలక్ష్మిని పనిలోంచి తీసేశారు. రఘురామ్‌ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉన్నాడు. ఆ దెయ్యం భూలక్ష్మిని పట్టుకుని ఉండేదని, దారం కట్టడం వల్లే బయటపడిందని, ఆ రాత్రి నుంచి నాలుగో అంతస్తులో దగ్గు లేదని కొత్తగా చేరినవాళ్ళకి చెప్తున్నాడట. దగ్గు లేని మాట మాత్రం నిజమే.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గది పక్కన ఖాళీ స్థలముంది, వేసవి వరకైనా పడుకోనివ్వమని అసోసియేషన్‌ని అడిగాను. బయటివాళ్ళని ఉంచితే సెక్యూరిటీ ఉండదన్నారు. పోయిన నెలే ఎండల్లో పక్షులకి నీళ్ళు పెట్టమని గేటుకి బోర్డు కట్టిన పెద్దమనుషులు వీళ్ళే. పక్షులంటే జాలి, ఏం చేస్తాం.

మా వీధి చివర, అన్నదమ్ములు కోర్టుకెక్కడంతో తాళం పడ్డ పాత ఇల్లొకటుంది. పెద్ద పెరడు, మామిడిచెట్టు, ఎత్తయిన పైకప్పు... మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. మొక్కలకు నీళ్ళు పోయమని ఆ ఇంటి పెద్దకోడలు తాళంచెవి నాకిచ్చింది.

ఆ ఇంటి గురించి మీరూ వినే ఉంటారు. ఈ మధ్యే చెడ్డపేరు వచ్చింది. చీకటిపడ్డాక వరండాలో ఎవరో చీర కొంగుతో విసురుకుంటూ కూర్చుంటారని... ఆ ఆకారం తల తిప్పి మనవైపు చూస్తే మనిషి బతకడని. సాయంత్రం వాకింగుకొచ్చే మా అసోసియేషన్ వాళ్ళు ఇప్పుడు ఆ వైపు రావడం మానేసి శివాలయం దాకా చుట్టు తిరిగి పోతున్నారు.

కట్టుకథ కాదు. చూసినవాళ్ళున్నారు. నేనే చూశాను, కళ్ళారా. అందరికీ ముందుగా చెప్పిందీ నేనే.

వానలు పడేదాకా అటు వెళ్ళకండి.