కార్కు తోపులో బుధవారం

రొట్టె ముక్క మీద జామ్ రాసి, పక్కనే మాత్ర పెట్టింది ఒడెట్. ఎనిమిదేళ్ళ బెనెడిటా మాత్ర మింగి, నాలుక చాపి చూపించింది. రోజూ జరిగే తతంగమే.

"అమ్మా, ఇవాళ బుధవారం," అంది మెల్లగా.

"తెలుసు. మిగతావాళ్ళు తోపుకి వెళ్తే నువ్వు లైబ్రరీలో బొమ్మలేసుకో."

"నేనొక్కదాన్నేనా?"

"నీ మంచికే కదా, బంగారం."

పిల్ల తల వంచుకుని రొట్టె కొరికింది. ఆ వంచిన తలే ఒడెట్‌ని గుచ్చింది. కానీ ఏం చేస్తుంది? పోయిన చలికాలం క్లాసులో ఫిట్స్ వచ్చి బెనెడిటా కింద పడిపోతే, తోటిపిల్లలు కేకలు పెట్టి గోడలకి అతుక్కుపోయారు. ఆ తర్వాత ఏ పుట్టినరోజుకీ ఎవరూ దాన్ని పిలవలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన లుసిండా టీచర్ వారానికోరోజు పిల్లల్ని ఊరి చివర, సీసా బిరడాలకి బెరడిచ్చే కార్కు చెట్ల తోపుకి తీసుకెళ్ళి, మట్టితో, పుల్లలతో, నాటకాలతో పాఠాలు చెబుతోంది. అక్కడ రాళ్ళున్నాయి, వాగుంది. అందుకే ఒడెట్ కూతుర్ని అక్కడికి పంపేది కాదు.

కుట్టుపని చేసే దుకాణం నుంచి రోజూలాగే బడికి ఫోన్ చేసింది. ఆఫీసులో ఆవిడ తీరిగ్గా చెప్పింది: "మీ అమ్మాయి తోపుకెళ్ళిందండీ. వాళ్ళ నాన్నగారే ఫోన్ చేసి పంపమన్నారు."

భర్త ఫౌస్టోకి చేస్తే ఎత్తలేదు. ఫ్యాక్టరీలో మిషన్ల మోతకి వినపడదు. కారు తాళాల కోసం ఇంటికి పరుగెత్తింది. వంటింట్లో అత్తగారు డెల్ఫినా కొత్తిమీర ఆకులు గిల్లుతోంది.

"అత్తయ్యా, మీకు తెలుసు కదూ?"

డెల్ఫినా తలెత్తలేదు. "ఫౌస్టోకి చెప్పిందే నేను."

"నాతో ఒక్క మాటైనా అనకుండా?"

"అంటే ఒప్పుకునేదానివా?"

"అదక్కడ పడితే? తల రాయికి తగిలితే? మీరొచ్చి పట్టుకుంటారా? రాత్రంతా దాని ఊపిరి వింటూ మేలుకునేదాన్ని నేను!"

"నీ కష్టం నాకు తెలీదా, అమ్మాయ్? కానీ దానికి ఫిట్స్ ఎప్పుడో ఓసారి వస్తాయి. ఒంటరితనం రోజూ ఉంది. మొన్న నన్నేమడిగిందో తెలుసా? 'నానమ్మా, నేను దయ్యాన్నా?' అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. నువ్వు ఏడుస్తావట."

 అయినా ఒడెట్ తాళాలు అందుకుని బయటికి నడిచింది. ఆమె కారు తీసేసరికి డెల్ఫినా కూడా ఏప్రన్‌తోనే వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

తోపులో కేరింతలు వినపడలేదు. అదే భయపెట్టింది. చెట్ల కింద పిల్లలంతా గుండ్రంగా, గప్‌చుప్‌గా కూర్చున్నారు. మధ్యలో నేల మీద బెనెడిటా.

ఒడెట్ ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలీదు. పిల్ల ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంది. తల కింద ఎవరిదో మడతపెట్టిన స్వెటర్. వాచీ చూస్తూ మోకాళ్ళ మీద కూర్చున్న టీచర్ చెయ్యెత్తింది.

"తగ్గిపోయిందండీ. ఎక్కువసేపు లేదు. ఊపిరి బాగానే ఆడుతోంది. మీకు ఫోన్ చేయబోతున్నాను."

జడలమ్మాయి ఐరియా గుసగుసగా అంది: "కంగారు పడకండి ఆంటీ. పోయినవారం మేం ఫిట్స్ మీదే నాటకం వేశాం. నేను పడ్డాను, వీళ్ళు పక్కకి తిప్పారు. నోట్లో ఏమీ పెట్టకూడదు. లేచేదాకా దగ్గరే ఉండాలి."

"మీకు... భయం వేయలేదా?"

"అప్పుడు క్లాసులో పడ్డప్పుడు వేసింది. అదేంటో తెలీదు కదా."

ఆ స్వెటర్ ఐరియాదే. చలిగాలికి చేతులు ముడుచుకుని కూర్చుంది.

బెనెడిటా నెమ్మదిగా కళ్ళు తెరిచింది. మత్తుగా అందరినీ చూసింది. చూపు తల్లి మీదకి వచ్చేసరికి మొహం పాలిపోయింది.

"అమ్మా... ఇంటికి తీసుకెళ్ళిపోతావా?"

కూతురి కళ్ళలో అంత బెదురు ఒడెట్ ఎన్నడూ చూడలేదు. పడిపోయినందుకు కాదు, తను వచ్చినందుకు. ఇన్నాళ్ళూ రక్షణ అనుకుని తానే దాన్ని గోడల మధ్య ఒంటరిని చేసిందా? అక్కడే నేల మీద చతికిలబడింది.

"లేదు నాన్నా. ఎక్కడికీ తీసుకెళ్ళను. నీ పక్కనే కూర్చుంటా."

బెనెడిటా తల కొంచెం ఎత్తి చూసింది. "అయితే ఇటు జరుగమ్మా. మా మట్టి ఇంటి మీద కూర్చున్నావు."

పిల్లలు ఒక్కసారిగా గొల్లున నవ్వారు. బెనెడిటా కూడా నీరసంగా నవ్వింది. ఒడెట్ నవ్వబోయి ఏడ్చేసింది. వెనక నుంచి డెల్ఫినా చెయ్యి భుజం మీద పడింది. ఒడెట్ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"అత్తయ్యా," అంది కళ్ళు తుడుచుకుంటూ, "దీని రబ్బరు బూట్లు ఇరుకైపోయాయి. శనివారం సంతకెళ్ళి కొత్తవి తెద్దాం. వచ్చే బుధవారానికి కావాలి."