బాకీ పడ్డ రెండో పాట

దేవుడు ఒకే జబ్బును ఆడవాళ్ళకు కాస్త తగ్గించి, మగవాళ్ళకు కాస్త ఎక్కువ పంచాడా? ఈ అనుమానం తాపియోను ఏళ్ళ తరబడి వదల్లేదు.

స్కిజోఫ్రీనియా నుంచి తేరుకుంటున్నవాళ్ళు కలిసి వండుకుని తినే క్లబ్బు అది, సరస్సు ఒడ్డున. ఆడవాళ్ళు పొయ్యి చుట్టూ చేరి, చేపల సూపు కాస్తూ పకపకలాడేవారు. మగవాళ్ళు కిటికీల దగ్గర తలో కుర్చీలో, తలో మౌనంలో. తాపియో బంగాళాదుంపల చెక్కు తీసేవాడు. అదీ గోడవైపు తిరిగి.

వేసవి మొదట్లో ఒక కొత్తావిడ చేరింది. అప్రన్ కట్టుకుంటూ అతన్ని చూసి ఆగిపోయింది.

"ఓయ్! ఒక్క పాటకే పారిపోయినవాడివి నువ్వే కదూ?"

తాపియో చేతిలోని బంగాళాదుంప జారింది.

సరస్సు పక్కన చెక్క మంటపంలో శనివారం నాట్యాలకు పాటలు జంటగానే వస్తాయి. పిలిచినవాడు రెండు పాటలూ ఆడి, ఆమెను తిరిగి ఆమె చోటిదాకా దిగబెట్టాలి. ఒక్క పాటకే వదిలిపోతే ఊరందరి ముందు ఆ పిల్ల పరువు తీసినట్టే. పందొమ్మిదేళ్ళ తాపియో సరిగ్గా అదే చేశాడు. ఆ పిల్ల ఈ మారిత్.

"నా నోరు కంపు కొట్టిందా, నీ కాలు తొక్కానా అని నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నాను మహానుభావా!"

"నీ తప్పేం లేదు." తాపియో తల ఎత్తలేదు. "గొంతులు మొదటిసారి వినబడింది అప్పుడే. అందరూ నన్ను చూసి నవ్వుతున్నారని చెప్పాయి."

మారిత్ ఇంకో కత్తి తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"నాకు ముప్పై దాటాక వినబడ్డాయి. అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. పాపం, ఆ అబ్బాయికీ ఇదేనేమో అనుకున్నాను."

ఆ రోజు నుంచి అతని కుర్చీ గోడవైపు తిరగలేదు.

ఒకనాడు ఇద్దరూ ఉల్లిపాయలు తరుగుతుంటే తాపియో ధైర్యం చేసి అడిగాడు. "మీ ఆడవాళ్ళకు తేలిగ్గా తగ్గుతుందెందుకు?"

"తేలికా! నాకు జబ్బు చేసేసరికి ఉద్యోగం, స్నేహితులు, చర్చిలో పాటల బృందం ఉన్నాయి. తిరిగి రావడానికి ఒక చోటుంది. నీకేమో ఏదీ మొదలవకముందే వచ్చిపడింది. అయినా చూడు, మందులకు బూరెలా ఉబ్బాను. పిల్లలెప్పుడని మా అమ్మ సతాయింపు. నిన్నెవరైనా అడిగారా?"

"లేదు."

"అదీ సంగతి! ఇంతకీ నువ్వెవరితో చెప్పుకున్నావు?"

"డాక్టరుతో."

"ఆయన జీతం తీసుకుని వింటాడు. స్నేహితులతో?"

"మగాళ్ళం ఆవిరిగదిలో తప్ప మాట్లాడుకోం."

"అక్కడేం మాట్లాడుకుంటారు?"

"కాలిన రాళ్ళమీద ఇంకాస్త నీళ్ళు పొయ్యనా, అని."

మారిత్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల ఘాటు అని బొంకింది.

"సరేగానీ, నా రెండో పాట ఎప్పుడిస్తావు? ఈసారీ పారిపోయావో, ఇక నా మొహం చూడకు."

నవ్వుతూనే అంది. తాపియోకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పారిపోవడం తన చేతిలో ఉంటే కదా!

శనివారం సాయంత్రం చిన్న జల్లు కురిసి వెలిసింది. మంటపంలో ఒకవైపు మగవాళ్ళ వరస, ఎదురుగా ఆడవాళ్ళ వరస. మారిత్ ఆకుపచ్చ గౌనులో, పైకప్పుకేసి చూస్తూ, ఎవరికోసమూ ఎదురుచూడనట్టు నిలబడింది.

'ప్రభువా, కాళ్ళు నావే. నడిపించడం మాత్రం నీ వంతు' అనుకుని తాపియో మంటపం దాటి అటువైపు వెళ్ళాడు. ఆమె ముందు వంగాడు.

మొదటి పాట బాగానే నడిచింది. అది ముగిసి రెండోది మొదలయ్యేలోపు ఒక్క క్షణం నిశ్శబ్దం. పాత గొంతు అక్కడే కాచుకుని ఉంది.

తాపియో గబగబా చెప్పేశాడు. "మారిత్, అది మాట్లాడుతోంది."

"ఏమంటోంది?"

"అందరూ నవ్వుతున్నారట."

"అందరి సంగతీ నాకు తెలీదు. నేను మాత్రం నవ్వుతున్నాను. నీ బూటు నా కాలిమీదుంది బాబూ!"

అతను కిందికి చూశాడు. నిజమే. గబుక్కున కాలు తీసి, తనూ నవ్వేశాడు. గొంతు ఇంకా గొణుగుతూనే ఉంది. రెండో పాట మొదలైంది. అతను వెళ్ళలేదు.

"దీని తర్వాత మళ్ళీ నన్నే పిలిచావంటే," మారిత్ అతని చెవి దగ్గర అంది, "ఊళ్ళోవాళ్ళు రేపే చర్చిలో మన పెళ్ళి ప్రకటన చదివించేస్తారు."

"చదవనీ."

ఆమె అడుగు తప్పింది. ఈసారి ఎదుటివాళ్ళ కాలు తొక్కిన బూటు తాపియోది కాదు.

పాట అయిపోయింది. తాపియో ఆమె చెయ్యి పట్టుకుని, మంటపమంతా దాటించి, బెంచీ దాకా దిగబెట్టాడు. వంగి, "థాంక్స్" అన్నాడు. పదిహేనేళ్ళ బాకీ తీరింది.

మారిత్ మాత్రం కూర్చోలేదు.