చెవిటి గేట్‌వే

నగర సెన్సర్ నెట్‌వర్క్ ప్లానర్ శవం మురుగునీటి పంపింగ్ స్టేషన్‌లో తేలింది. ఏజెంట్ గబ్బిలం మొహం తిప్పేసుకున్నాడు. కంపుకి కాదు, శవం పక్కనే నిలబడి చీఫ్ బిస్కెట్ తింటున్నందుకు.

"విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్. "నీటి మీటర్లూ గ్యాస్ అలారాలూ కలిపిన మన నెట్‌వర్క్ ఇవాళ డెమోలో ఫెయిలైతే రేపు వాళ్ళ సరుకు కొంటాం. కంట్రోల్ రూమ్‌కి వెళ్ళు. అక్కడ మన మనిషి, పట్టుపురుగు, ఉంది."

గబ్బిలం యాంటెన్నా మెకానిక్ వేషంలో వెళ్ళాడు. ఇటు జీతం, అటు జీతం తినే ఆ సుందరి సెంటు ఘుమాయిస్తూ ఎదురొచ్చింది.

"వాన పడేలా ఉంది," కోడ్‌వర్డ్ అన్నాడతను.

"గొడుగు ఇంట్లోనే ఉండిపోయింది."

"జామర్ ఎక్కడ?"

"జామరెందుకు బాబూ? మీ మున్సిపల్ కమిషనర్ లేడూ! ప్రతి నీటి మీటరుకీ 'అందింది' అని రసీదు వెళ్ళాలన్నాడు. ప్లానర్ వద్దని మొత్తుకున్నాడు, మావాళ్ళ చేతిలో పోయాడు. ఇప్పుడు మావాళ్ళు మీటర్లన్నిటినీ ఒకేసారి మాట్లాడిస్తున్నారు. మురుగు టన్నెల్లోకి గ్యాస్ కూడా వదిలేశారు."

గబ్బిలం గోడమీది డ్యూటీ బోర్డు చూశాడు. టన్నెల్లో పారిశుద్ధ్య కార్మికులున్నారు. లోపలికి ఫోన్ పోదు, కేక వినపడదు. ఒకరి నడుముకున్న గ్యాస్ అలారం పంపే సన్నని రేడియో గొణుగుడుని, మీటర్ల మాటలన్నీ అందుకునే మిద్దెమీది పెట్టె, ఆ గేట్‌వే, వింటేనే అందరి అలారాలూ మోగుతాయి. కానీ గేట్‌వే మాట్లాడినంతసేపూ దానికి చెవుడే. ఇప్పుడది ఊపిరాడకుండా రసీదులు పంపుతోంది.

"మనుషుల్ని చంపి డెమో ఇస్తారా?"

"మురుగులో దిగేవాళ్ళేగా!" గోళ్ళ రంగు చూసుకుందామె.

"థూ!" అని గబ్బిలం ఆమె చేతికి బేడీలు వేసి కుర్చీకి తగిలించాడు.

"నేను మీ మనిషిని!"

"ఆ సిగ్గుతోనే చస్తున్నా."

గబ్బిలం రసీదులు ఆపబోతే పక్క గదిలోంచి కమిషనర్ అడ్డొచ్చాడు. "రసీదులు ఆపాలా? జవాబివ్వని ప్రభుత్వం ఏం ప్రభుత్వమయ్యా? అర్జీ పెట్టుకో!"

గబ్బిలం ఆయన్ని పక్కకి నెట్టి, చొక్కా గుండీలో దాచిన డ్రైవ్‌ను సర్వర్‌కి గుచ్చాడు. రసీదులు ఆగాయి. గేట్‌వే నోరు మూసింది, చెవి తెరిచింది. తెరమీద గ్యాస్ అలారం ఎర్రచుక్క వెలిగింది.

"చూశావా, నా నెట్‌వర్క్ నెగ్గింది!" కమిషనర్ గబ్బిలం చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

గబ్బిలం చెయ్యి లాక్కుని టన్నెల్ దగ్గరికి పరుగెత్తాడు. కార్మికులు దగ్గుతూ ఒక్కొక్కరే పైకొస్తున్నారు. చివరివాణ్ణి తనే లాగాడు. ఒక ముసలి కార్మికుడు తన తాగే నీళ్ళ సీసా తెరిచి, ముందు గబ్బిలం చేతుల మీద పోశాడు.

"మా మురికి నీకంటింది బాబూ."

"మీది కాదు పెద్దాయనా," అన్నాడు గబ్బిలం గట్టిగా రుద్దుకుంటూ. "ఇందాక కమిషనర్‌గారు చెయ్యి కలిపారు."