గీత పడని బండి

ఉదయం ఎనిమిదింటికి సర్పవరం నాలుగో వీధిలో ఏ ఇంటి ముందు చూసినా మనుషులు బండి తలుపు దగ్గర నిలబడి ఒంటిమీది లోహం ఒలుచుకుంటున్నారు. మగవాళ్లు బెల్టులు విప్పి డిక్కీలో పడేస్తున్నారు. ఆడవాళ్లు గాజులు తీసి గుడ్డసంచుల్లో వేసుకుంటున్నారు. మూడో ఇంటావిడ చెవిదిద్దు శీల ఊడిరాక అవస్థ పడుతుంటే, ఆవిడ భర్త "కానీ, కానీ" అని గదమాయిస్తున్నాడు. గుడిలోకి వెళ్లేటప్పుడు కూడా ఆ వీధివాళ్లు ఇంత శుచిగా ఉండి ఎరగరు.

ఐదో ఇంటి ముందు శోభనాద్రి తన భార్య ధరణి ఎడమచేతికి మేజోడు తొడుగుతున్నాడు. కొత్త మేజోడే. వేళ్లు బయటికి రావడానికి కొస కత్తిరించి, పోగులు లేవకుండా తనే కుట్టాడు.

"చెయ్యి కదపకు."

"ఇది చేతిగడియారమండీ. కొడవలి కాదు."

"ఆ కొక్కెం అంచు నిన్న భూతద్దం పెట్టి చూశాను. కొడవలే నయం," అన్నాడు శోభనాద్రి, ఏమాత్రం నవ్వకుండా.

ధరణి ఉప్పాడ సముద్రపు గోడ మీద గేట్ల అధికారి. పోటు వచ్చే వేళకు గేట్లు దించడం, ఆటు వేళకు ఎత్తడం ఆమె పని. సంకేతాలు పంపే వస్తువేదీ గేటు గదిలోకి తీసుకెళ్లకూడదు గనుక, శాఖవాళ్లు ఆమెకు కీ ఇచ్చుకునే ఉక్కు గడియారం ఒకటి ఇచ్చారు. ఉదయం ఆరింటికి రేడియో గంటతో సరిచూసి కట్టుకుంటే మళ్లీ డ్యూటీ దిగేదాకా తీయకూడదని నియమం. దాని వెనక ఏడు ఊళ్ల ప్రాణాలున్నాయి. శోభనాద్రికి మాత్రం అది తన బండి లోపలికి రోజూ వచ్చిపోయే ఒక పదునైన వస్తువు, అంతే.

బండి లోపలంతా పరుచుకుని ఉన్నది స్పర్శిక. అది బతికున్న తోలు. కర్మాగారాల్లో తొట్టెల్లో పెంచి, సీట్లకూ, చేతులు ఆనించుకునే చేతిదిమ్మలకూ, తలుపులకూ అతికిస్తారు. దాని మీద అరచెయ్యి ఆనితే చాలు, మనిషి నాడి, చెమట, ఒంటి వేడి అన్నీ గ్రహిస్తుంది. గుండె తడబడితే మనిషికంటే ముందు దానికే తెలుస్తుంది. మరుక్షణం బండి తనంతట తానే ఆసుపత్రి వైపు మళ్లుతుంది. మిగతా బండ్లన్నీ పక్కకు తప్పుకుంటాయి. ఆ తెరిచిన బాటను ప్రాణదారి అంటారు. నోటితో అడిగితే ప్రాణదారి ఇవ్వరు. మొదట్లో అలాగే ఇస్తే జనం సినిమాకు ఆలస్యమైనా గుండెనొప్పి అనేవారట. అందుకని స్పర్శిక సాక్ష్యం ఒక్కటే చెల్లుతుంది. ప్రతి బండీ ఆంబులెన్సే అయిపోయాక, అసలు ఆంబులెన్సులను ఎత్తేసి పన్నెండేళ్లయింది.

దాన్ని తయారుచేసినవాళ్లు అన్నీ ఆలోచించారు, అది అందంగా ఉంటుందన్న సంగతి తప్ప. తేనె రంగు, పసిబిడ్డ బుగ్గలాంటి నునుపు. గోరు తగిలినా గోధుమరంగు గీత పడుతుంది. నలభై రోజుల్లో అదే మానిపోతుంది. కానీ ఆ నలభై రోజులు ఆ గీతను చూస్తూ బతకాలి కదా! చదువుకున్నవాళ్లూ, పిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లూ, రేపోమాపో మనవలను ఎత్తుకోబోయేవాళ్లూ ఆ బాధ తట్టుకోలేక భానుగుడి సెంటర్లో నిష్కళంక వాహన సంఘం పెట్టుకున్నారు. నెలకోసారి ఒక ఆదివారం పొద్దున్నే చేరి ఒకరి బండిలోకి ఒకరు తలలు దూర్చి దీపాలు వేసి వెతుకుతారు. ఎవరి బండిలోనైనా గీత కనిపిస్తే "అయ్యో" అంటారు, మొహం వెలిగిపోతుండగా. ఆ సంఘానికి కార్యదర్శి శోభనాద్రి. కళాశాలలో తర్కశాస్త్రం చెబుతాడు.

ధరణి గడియారం పుణ్యమా అని ఆరునెలల కిందట అతను బండి లోపలంతా మేలిపొర వేయించాడు. గాజులా కనిపించే పల్చటి పొర, అంచులకు బంక. పొర వేస్తే స్పర్శికకు ఏమీ తెలియదని పెట్టె మీద ఎర్రక్షరాలతో రాసే ఉంది. ఆ హెచ్చరిక అజాగ్రత్తపరుల కోసం రాసిందని శోభనాద్రి తేల్చుకున్నాడు.

ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. ధరణి మేజోడు చెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి వేసుకుంది.

"బండి ఖాళీగా ఉంది. బయల్దేరమంటారా?" అంది బండి. ఆరునెలలుగా రోజూ అదే మాట.

"పద," అన్నాడు శోభనాద్రి.

*

వాకలపూడి దాటుతుండగా రోడ్డు పక్కన అప్పలస్వామి నిలబడి చెయ్యెత్తాడు. గేటు మేస్త్రి. ముప్పై ఏళ్లుగా ఆ గోడ మీదే ఉన్నాడు. ధరణికి పని నేర్పింది ఆయనే.

"బండి ఆపండి, మా మేస్త్రి గారు," అంది ధరణి.

శోభనాద్రి ముందు ఆయన చేతుల వైపు చూశాడు. మణికట్టున ఉక్కు గడియారం. కుడిచేతికి కడియం. ఉంగరపువేలికి ఎముకలో కలిసిపోయినట్టున్న రాగి ఉంగరం. అతని ప్రాణం ఉసూరుమంది. అయినా బండి ఆపాడు, భార్యకు పని నేర్పినవాడు గనుక.

"మా వీధి బండి ఇవాళ రాలేదమ్మా. నడుద్దామనుకున్నాను గానీ, కాస్త ఆయాసంగా ఉంది," అన్నాడు అప్పలస్వామి. "బాబుగారికి ఇబ్బందేమో."

"ఇబ్బందేం లేదండీ. ఆ కడియం వస్తుందేమో చూడండి," అన్నాడు శోభనాద్రి.

కడియం వచ్చింది. ఉంగరం రాలేదు. గడియారం తీయకూడదు. శోభనాద్రి డిక్కీలోంచి తువ్వాలు తీసి, అరవై రెండేళ్ల మనిషి రెండు చేతులూ కలిపి చుట్టి, కొసలు లోపలికి దోపాడు. పోలీసులు బేడీలు వేసేటప్పుడు కూడా ఇంత ఒద్దిగ్గా వెయ్యరు. ధరణి మొహం తిప్పుకుంది. ఆ క్షణంలో తను నోరు తెరవనందుకు తర్వాత ఆమె తనను తాను క్షమించుకోలేదు.

"మోచేతులు కూడా ఆనించకండేం. చొక్కా గుండీలు కూడా చూసుకోండి," అన్నాడు శోభనాద్రి.

"అలాగే బాబూ." ఆయన వెనక సీటులో అంచున కూర్చుని, కట్టిన చేతులు ఛాతీ ఎత్తున పట్టుకున్నాడు.

"బండి ఖాళీగా ఉంది," అంది బండి.

ఓడరేవు లారీల వరస మొదలైంది. బండి నెమ్మదించింది. శోభనాద్రి సంఘం ఏటా పెట్టే గీత పడని బండి పోటీ గురించి చెప్పడం మొదలెట్టాడు. పోయినేడు తనకు రెండో స్థానం ఎందుకొచ్చిందీ, మొదటి స్థానం కొట్టేసిన దంతవైద్యుడు తన తల్లిని ఏడాదిగా బండే ఎక్కించలేదట, అది నిజంగా పోటీ అనిపించుకుంటుందా... మాటల మధ్యలో ధరణికి వెనకనుంచి ఒక చప్పుడు వినిపించింది. మూలుగు కాదు. మూలుగును మింగిన చప్పుడు.

తిరిగి చూసింది. అప్పలస్వామి మొహం తడిసిన సున్నంలా ఉంది. చెమట గడ్డం నుంచి కారుతోంది. చేతులు మాత్రం అలాగే పైకి పట్టుకుని ఉన్నాడు.

"మేస్త్రి గారూ!"

"ఏం లేదమ్మా. గుండెల మీద కాస్త బరువుగా..."

"ఎప్పట్నుంచీ?"

"ఎక్కిన దగ్గర్నుంచీనమ్మా."

"ఆసుపత్రికి పోనీ!" అని అరిచింది ధరణి.

"దారి మారుస్తున్నాను. ముందు లారీల వరస ఉంది. నలభై మూడు నిమిషాలు," అంది బండి ప్రశాంతంగా.

"ప్రాణదారి కావాలి! లోపల మనిషికి గుండెనొప్పి!"

"బండి ఖాళీగా ఉంది. ప్రాణదారి ఇవ్వడం వీలు కాదు."

ధరణి సీట్ల మధ్యనుంచి వెనక్కి దూరింది. తువ్వాలు లాగేసింది. ఆయన అరచెయ్యి చేతిదిమ్మ మీద అదిమింది. ఏమీ లేదు; మధ్యలో పొర. అంచు పట్టి గోళ్లతో పీకింది. బంక రాలేదు.

"ఆగు, ఆగు!" శోభనాద్రి అరల పెట్టెలో వెతుకుతున్నాడు. "అలా పీక్కూడదు. సన్నచాకు ఉంది. మూల దగ్గర మొదలెట్టి మెల్లగా ఎత్తితే కింద ఏమీ తగలదు."

ఆమె మేజోడు పీకి పారేసింది. గడియారం కొక్కెం పొర మీద ఆనించింది. అతను చాకు వదిలేసి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ధరణీ, గీత పడుతుంది! ఒక్క నిమిషం చాలు, నేను చేస్తానన్నానా?"

ఇదేదో కోపంలో చేసిన పని కాదు. ఎంతో సహనంగా, పాఠం అర్థం కాని విద్యార్థికి చెప్పినట్టు చెబుతున్నాడు. అతని వేళ్ల పక్కనే సెకన్ల ముల్లు తిరుగుతోంది. ఆమె విడిపించుకోవడానికి గింజుకుంటుంటే, వెనక కూర్చున్న మనిషి, ఊపిరాడని ఆ మనిషి, భార్యాభర్తల మధ్య తగవు తీర్చడానికి, "వద్దమ్మా, బాబుగారు చెప్పినట్టే కానీ," అన్నాడు. అంటూనే పక్కకు ఒరిగిపోయాడు.

ధరణి భర్త చేతిని కొరికింది. అతను వదిలేశాడు. కొక్కెం దిగేసి జానెడు మేర లాగింది. పొరా చీలింది, దాని కింద తోలూ చీలింది. ఆ చీలికలోకి అప్పలస్వామి అరచేతిని అదిమి పట్టుకుంది.

బండి ఒక్కసారిగా కళ్లు తెరిచినట్టయింది. దీపాలు ఎర్రబడ్డాయి. "ప్రయాణికుడు ఉన్నారు. ప్రాణాపాయం. ప్రాణదారి తెరుచుకుంటోంది." లారీలు రెండుగా చీలి పక్కకు ఒదిగాయి. ఏడు నిమిషాల్లో ఆసుపత్రి గుమ్మం ముందున్నారు.

*

"పది నిమిషాల ముందు తెచ్చుంటే వేరుగా ఉండేది," అంది డాక్టరు. గేట్ల పని చూసుకోమని ధరణి రెండో జట్టుకు కబురు పంపి, వరండాలోనే కూర్చుంది. శోభనాద్రి మధ్యాహ్నం దాకా బండి దగ్గరే ఉన్నాడు.

మూడింటికి అప్పలస్వామికి స్పృహ వచ్చింది. మెదడుకు రక్తం అందక ఎడమవైపు చచ్చుబడిపోయింది. ఆయన భార్య సన్యాసమ్మ మంచం పక్కన నిలబడి ఉంది. ధరణి లోపలికి వెళ్లింది, వెనకే శోభనాద్రి.

అప్పలస్వామి కళ్లు ధరణి మీద ఆగలేదు. ఆమె వెనక ఉన్న మనిషిని వెతుక్కున్నాయి.

"బాబూ," అన్నాడు, వంకర తిరిగిన నోటితో, కూడబలుక్కుని. "బండికేమైనా... అయిందా?"

ఆయన పనిచేసే చేతిని, ఉంగరం ఉన్న ఆ చేతిని, దుప్పటి కిందికి లాక్కున్నాడు. నాడి చూడ్డానికి నర్సు చెయ్యి చాపితే, ఉంగరం గీసుకుంటుందేమో అమ్మా అని ఆమెకూ చెప్పాడు.

ఒక మనిషికి ఆ సమయంలో చెప్పాల్సిన మాటలు ఎన్నో ఉంటాయి. తర్కం చెప్పే శోభనాద్రికి వాటిలో ఒక్కటీ తోచలేదు. పెద్దమనసు చేసుకుని, "జానెడు చీలిందండీ. ఫర్వాలేదు లెండి, మానుతుంది," అన్నాడు. క్షమించేసిన తృప్తి అతని మొహంలో కనిపించింది కూడా.

"మీరు బయటికెళ్లండి," అంది ధరణి.

"ఏమన్నాను ఇప్పుడు?"

"బయటికెళ్లండి."

మర్నాడు తెల్లవారుజామున అప్పలస్వామి పోయాడు.

ఆదివారం నాడు నిష్కళంక సంఘం వాళ్లు పదిహేనుమంది పరామర్శకు వచ్చారు. వరసగా చెప్పులు విప్పి, గొంతు తగ్గించి, ఒక్కొక్కరే శోభనాద్రి చెయ్యి పట్టుకుని, చీలిక లోతెంతో అడిగారు. దంతవైద్యుడైతే కళ్లు తుడుచుకున్నాడు. చచ్చిపోయిన మనిషి పేరు ఒక్కరూ అడగలేదు. ధరణి వాళ్లకు కాఫీ ఇవ్వలేదు. వీధిలోకి వెళ్లి వాళ్ల బండ్లన్నిటిలోకీ అద్దాల్లోంచి తొంగి చూసింది. పదిహేనింటిలో పదమూడింటికి పొర ఉంది.

పన్నెండో రోజు దాటాక, ఒక సాయంత్రం సన్యాసమ్మ ధరణి ఇంటికి వచ్చింది. నడిచి వచ్చినట్టుంది, పాదాలు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. ధరణి కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మీ బండి పాడుచేశానని ఆఖరి రాత్రి ఒకటే కలవరించారమ్మా ఆయన. నా తరపున వెళ్లి చూసి, బాబుగారికి ఒక మాట చెప్పి రా అన్నారు. మాటిచ్చాను."

"అలాంటివేం వద్దు పెద్దమ్మా. మీరు కూర్చోండి," అంది ధరణి, ఆమె చెయ్యి పట్టుకుని.

కానీ శోభనాద్రి అప్పటికే లేచాడు. తనకు జరిగిన నష్టాన్ని చూస్తానన్న మనిషిని కాదనడం అతని వల్ల కాలేదు. వెళ్లి బండి తలుపు తీశాడు. లోపలి దీపం వేశాడు. అది చాలదని చేతిదీపం కూడా తెచ్చి, పక్కకు జరిగి చూపించాడు.

సన్యాసమ్మ గాజుల్లేని చేతులు కొంగులో దాచుకుని లోపలికి వంగింది. చేతిదిమ్మ మీద సన్నటి గోధుమరంగు గీత ఉంది. సగం మానింది. ఆమె దాన్ని చూసింది. ఇంకెక్కడైనా ఉందేమోనని సీటు వైపు, తలుపు వైపు చూసింది. మళ్లీ దాని దగ్గరికే వచ్చి చాలాసేపు చూసి, అతని వైపు తలెత్తింది.

"ఇంతేనా బాబూ?"

"ఇప్పుడంటే మానింది గానీండి, ఆ రోజు చూడాల్సింది. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా..."

అతను వేలితో కొలిచి చూపిస్తూ తలెత్తేసరికి, ధరణి ఆ ముసలామె భుజం చుట్టూ చెయ్యి వేసి వీధి మలుపు దాటుతోంది.