బిగించిన స్క్రూ

"మీకు కళ్ళున్నాయా, లేక వాటినీ రిజెక్ట్ చేసేశారా?"

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో వాళ్ళిద్దరి మొదటి పలకరింపు ఇదీ! ఆమె ఫ్యాన్లు బిగించే అమ్మాయి. అతను వాటిని పరీక్ష చేసేవాడు. కాస్త చప్పుడొచ్చినా చాలు, టపీమని ఎర్ర స్టిక్కర్ అంటించేస్తాడు. అందుకే అందరూ రిజెక్ట్ బాబు అంటారు.

"మీ ఫ్యాన్ గొణుగుతోందండీ."

"గొణిగేది ఫ్యాన్ కాదు, నేను!"

అలా మొదలైన పోట్లాట క్యాంటీన్‌లో టీ దాకా ఎలా వెళ్ళిందో, 'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చిందో వాళ్ళకే తెలీదు. వానొస్తే ఆమె బస్సెక్కేదాకా గొడుగు పట్టేవాడు, తను మాత్రం తడిసి ముద్దవుతూ. ప్రేమన్న మాట ఎత్తాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు. ఏం చేస్తాం!

ఇంతలో కంపెనీ ఆసియా మార్కెట్ మీద కన్నేసింది. సముద్రం అవతల కొత్త ఫ్యాక్టరీ పెడుతోంది. అక్కడివాళ్ళకి పని నేర్పడానికి ఆమెను అనుకున్నారు. మంచి జీతం, మూడేళ్ళ కాంట్రాక్ట్. షరతు ఒక్కటే. ఆమె బిగించిన శాంపిల్ ఫ్యాన్లన్నీ పాసవ్వాలి. ఒక్కటి పోయినా ఇంకొకరిని పంపుతారు.

పరీక్ష చేసేదెవరు? ఇంకెవరు, మన బాబే.

ఆఖరి ఫ్యాన్ టకటకమంది. రెక్క దగ్గర స్క్రూ వదులు! ఎర్ర స్టిక్కర్ వేస్తే ఆమె ఇక్కడే ఉండిపోతుంది. చెయ్యి దానిమీదకి వెళ్ళింది కూడా. ఛీ, నా స్వార్థానికి ఆ పిల్ల బతుకు పాడుచెయ్యనా అనుకున్నాడు. అటూ ఇటూ చూసి స్క్రూ బిగించి, పచ్చ స్టిక్కర్ అంటించాడు. అతను చేసిన మొదటి దొంగపని అదే.

రిజల్ట్ వచ్చిన రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడడం మానేసింది. వెళ్ళిపోయే పొద్దున గేటు దగ్గర పట్టుకుని అడిగాడు.

"నేనేం తప్పు చేశాను?"

"నన్ను వదిలించుకోవాలని అంత తొందరేంటి నీకు? వదులు స్క్రూ కనపడలేదా?"

"కనపడింది. కంగారులో మర్చిపోయావేమోనని నేనే బిగించాను."

ఆమె ముఖం పాలిపోయింది.

"మర్చిపోలేదు, కావాలనే వదిలేశాను. నాన్న చుట్టాలందరికీ చెప్పేసుకున్నాడు, వెళ్ళనంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. నువ్వు రిజెక్ట్ చేస్తే ఎవరూ ఏమీ అనలేరు, హాయిగా ఉండిపోవచ్చనుకున్నాను. అందరివీ రిజెక్ట్ చేసేవాడివి, నాది బిగిస్తావా?"

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పద, మేనేజర్‌కి నిజం చెప్పేస్తాను."

"కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేశాను. ఇప్పుడు చెబితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి. నోర్మూసుకో."

ఆమెను తీసుకెళ్ళే కంపెనీ వ్యాన్ హారన్ కొట్టింది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఎక్కి కూర్చుంది. అతను పరుగున కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వంటే నాకు ప్రాణం. వెళ్ళొద్దు."

"ఈ ముక్క ముందే చెప్పుంటే..." ఆమె బావురుమంది. "నాకు స్క్రూ వదిలే పని, నీకు బిగించే పని తప్పేవి కదా!"

వ్యాన్ కదిలిపోయింది. షిఫ్టుకొచ్చేవాళ్ళందరూ చూస్తుండగా, గేటు పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు రిజెక్ట్ బాబు.