డబ్బా మీద లేని నంబరు

వెంకటరామారావు ఆ రోజు దవాఖానా మెట్లెక్కింది డబ్బాలు అమ్ముకోవడానికి. ప్రేమలో పడే ఆలోచన ఆ రోజు పనుల్లో లేదు.

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూలై నెల. సారపాకలో పొద్దుటి నుంచీ వాన. కాగితం మిల్లుకు వెదురు తెచ్చిన లారీలు రోడ్డు పక్కన వరసగా తడుస్తున్నాయి.

ఏన్కూరు రైతు బసవపున్నయ్యకు ఒక్కగానొక్క కొడుకు వెంకటరామారావు. బీకాం చదివాడు. పొలం పని తనవల్ల కాదని తేల్చేసి, 'మహాబల' అనే శక్తి పొడికి ఏజెంటయ్యాడు. సారపాకలో గది కిరాయికి తీసుకుని, మిల్లు కూలీలకూ చుట్టుపక్కల గూడేలకూ స్కూటరు మీద తిరిగి అమ్ముతున్నాడు. ఆ పొడి మీద ఎంత నమ్మకమంటే, తను కూడా రెండు పూటలా పాలల్లో కలుపుకుని తాగేవాడు.

మందులిచ్చే కిటికీ వెనక కొత్త ఫార్మసిస్టు ఉంది. పేరు ప్రమీలారాణి. నేలకొండపల్లి అమ్మాయి, ఉద్యోగంలో చేరి నెలయింది. అతనిచ్చిన డబ్బాను ముందు చూసింది, వెనక చూసింది, తిరగేసి అడుగు కూడా చూసింది.

"నంబరేది?"

ఏ అమ్మాయీ అతన్ని ఇంత తొందరగా నంబరు అడగలేదు.

"మా ఇంట్లో ఫోన్ లేదండి. ఊళ్ళో పోస్టాఫీసులో ఉంది. చేస్తే పిలుస్తారు."

"మీ నంబరు నాకెందుకు? లైసెన్సు నంబరేది?"

"స్కూటరుదా? జేబులోనే ఉంది."

ప్రమీల పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంది. "ఈ పొడి తయారుచేసెటోళ్ళకు సర్కారు ఇచ్చే లైసెన్సండి. దాని నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారైన తారీఖు లేదు."

"'ప్రభుత్వ ఆమోదం పొందినది' అని ఎర్రక్షరాలతో ఉంది కదండీ."

"ఏ ఆఫీసు ఇచ్చింది, ఎప్పుడిచ్చింది? ఆ ముక్క ఎవరైనా అచ్చేయించుకోవచ్చు."

నిజమే. ఇన్నాళ్ళూ తనకే ఎందుకు తోచలేదో అతనికి అర్థం కాలేదు.

"డబ్బా నా దగ్గర ఉండనీయండి, కనుక్కుంట," అని తలెత్తి అతన్ని చూసింది. చూపు తిప్పుకోలేదు. "మీరు గూడ తాగుతున్నరా?"

"రెండు నెలల నుంచి."

"జర లైటు దిక్కు తిరగండి."

తిరిగాడు.

"ఆకలి ఎక్కువైందా?"

"అయింది."

"నిద్ర పడుతుందా?"

"సరిగ్గా లేదు."

"గుండె దడ?"

"ఇప్పుడా, మామూలుగానా?"

"ఎప్పుడైనా."

"ఇప్పుడైతే ఉంది."

ఆమె అంతా నోటుబుక్కులో రాసుకుంది. "శుక్రవారం మళ్ళ రాండి. మరిచిపోకండి."

వెంకటరామారావు గొడుగు అక్కడే వదిలేసి వానలో గదికి నడిచాడు. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, స్కూటరు కూడా అక్కడే ఉందని.

శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆమె బరువు చూసింది, చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది. తర్వాత, కొంచెం తటపటాయించి, "మీ పాత ఫొటో ఏదన్నా ఉందా?" అంది.

కాలేజీ రోజుల పాస్‌పోర్టు ఫొటో పర్సులోంచి తీసిచ్చాడు. ఆమె ఫొటో వంకా అతని వంకా మార్చి మార్చి చూసి, "ఇది నా దగ్గర పెట్టుకోవచ్చా?" అంది. ఇంట్లోవాళ్ళకు చూపిస్తుందనుకుని, పెట్టుకోమన్నాడు.

ఆ తర్వాతి శుక్రవారాలు ఆమె మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. పొడి సంగతి తేల్చమని హైదరాబాదుకు రెండు ఉత్తరాలు రాసింది. రెండింటికీ జవాబులొచ్చాయి.

"చదువుతా, వినండి," అంది. "ఇది మందు కాదు, తిండి కిందికొస్తది, తిండి చూసే విభాగాన్ని అడగండని మందులోళ్ళు రాసిండ్రు. దీంతో నీరసం తగ్గుతదని డబ్బా మీద ఉంది, కాబట్టి మందు, మందులోళ్ళనే అడగండని తిండోళ్ళు రాసిండ్రు."

"అంటే ఇది ఏంటండీ?"

"నాక్కూడ అర్థమైతలేదు. మా డాక్టరు సంతకంతోటి పొడి ల్యాబుకు పంపిన. రిపోర్టు వచ్చేదాక మీరు అమ్మకండి. తాగకండి గూడ."

ఆమె చెప్పింది కాబట్టి ఆ రోజే ఆపేశాడు.

వారం తిరక్కుండా ముత్తక్క వచ్చింది. అడవి లోపలి గూడెం మనిషి. ఆమె భర్త జంపయ్య వెదురు కొట్టే కూలీ, మూడు నెలలుగా పొడి తాగుతున్నాడు. ఇంత నున్నగా మొహం నిండిన మనిషి గూడెంలో లేడని అందరూ చెప్పుకునేవాళ్ళు. ముత్తక్క దవాఖానా వాకిట్లో వెంకటరామారావును పట్టుకుంది.

"పొడి అయిపోయి నాలుగు రోజులాయె. మా ఆయన లేస్తలేడు. కక్కుతుండు, కళ్ళు తిరుగుతున్నయంటుండు. ఒక్క డబ్బా ఇయ్యి అయ్యా."

వెంకటరామారావు మందుల కిటికీలో ఉన్న ప్రమీల వైపు చూశాడు. ఆమె మొహం పాలిపోయింది.

దవాఖానా జీపు బురదలో సగం దూరమే వెళ్ళగలిగింది. ప్రమీలను జీపు దగ్గరే ఉంచి, మిగతా దారి అతనే నడిచి వెళ్ళి జంపయ్యను వీపు మీద మోసుకొచ్చాడు. తనకూ కాళ్ళు వణుకుతున్నాయి, కళ్ళ ముందు చీకట్లు కమ్ముతున్నాయి. గోదావరి వంతెన దాటి భద్రాచలం ఆసుపత్రికి చేరేసరికి జంపయ్య మాట్లాడటం మానేశాడు.

సెలైను పెట్టి, ఇంజెక్షను ఇచ్చి, పెద్ద డాక్టరు బయటికొచ్చాడు.

"గండం గడిచింది. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపినట్టున్నారు. మొహం ఉబ్బితే బలమనుకున్నారు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. మా పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి." అతని చూపు వెంకటరామారావు మీద ఆగింది. "నువ్వూ తాగావా? పద, పడుకో."

పక్కపక్క మంచాల మీద అమ్మినవాడూ కొన్నవాడూ పడుకున్నారు. ప్రమీల స్టూలు మీద కూర్చుంది.

"అమ్మొద్దని, తాగొద్దని చెప్పింది నేనే," అంది మెల్లగా. "అట్ల ఆపితే ప్రమాదమని నాకు తోచలే. ఫార్మసీ చదివిన నాకు తోచాలె గదా."

"లోపల ఏముందో తెలియకుండా ఎలా తోస్తుందండీ? డబ్బాలు అమ్మిన నాకే తెలియదు." ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఫొటో కూడా దీనికేనా?"

"ఉబ్బు ఎంతుందో చూడనీకి. మీరేమనుకున్నరు?"

"ఏమీ అనుకోలేదు," అని అతను గోడవైపు తిరిగాడు.

పక్క మంచం మీంచి జంపయ్య కళ్ళు తెరిచి అతన్ని చూశాడు. "నువ్వే అమ్మితివి, నువ్వే మోస్తివి. నిన్ను తిట్టాల్నో దండం పెట్టాల్నో తెల్వట్లేదు సారూ."

తర్వాత నెలరోజులు అతనూ ప్రమీలా గూడేలన్నీ తిరిగారు. ఎవరెవరికి అమ్మాడో అతను చెబుతుంటే ఆమె రాసుకుంది. ప్రతి గడపలోనూ, "తెలియక అమ్మాను, తప్పు నాదే, ఉన్నపళంగా మానకుండా డాక్టరు దగ్గరికి రండి," అని చెప్పాడు. కొందరు తిట్టారు. ఒకామె అతని మీద చెంబుడు నీళ్ళు పోసింది. తుడుచుకోమని ప్రమీల కొంగు చాపి, మళ్ళీ ఏమనుకుందో వెనక్కి లాక్కుని రుమాలు ఇచ్చింది. ఆ కొంగు ఎందుకొచ్చిందో, ఎందుకు వెళ్ళిపోయిందో అతనికి రెండు రోజులు అర్థం కాలేదు.

రిపోర్టు వచ్చింది. పొడిలో స్టెరాయిడ్ ఉంది. కంపెనీ పేరు ఏ లైసెన్సు రిజిస్టరులోనూ లేదు. అధికారులు చిరునామా పట్టుకుని వెళితే తాళం వేసిన రేకుల షెడ్డు కనిపించింది. కేసు పెట్టారు. వెంకటరామారావు ఉన్నదున్నట్టు వాంగ్మూలం ఇచ్చి, మిగిలిన డబ్బాలన్నీ అప్పగించాడు.

సెప్టెంబరు చివర్లో డాక్టరు అతనికి కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చిన స్టెరాయిడ్ మాత్రలు పూర్తిగా ఆపేశాడు. ప్రమీల చీటీ మడిచి ఇస్తూ, "ఇంక మీరు దవాఖానాకు రానవసరం లేదు," అంది.

"సరేనండీ," అన్నాడు. రోగం ఉన్నంతవరకే తనతో పని అనుకున్నాడు. గది ఖాళీ చేసి ఏన్కూరు వెళ్ళిపోయి, తనవల్ల కాదన్న పొలంలోనే దిగాడు.

మూడు వారాల తర్వాత, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, బసవపున్నయ్య ఇంటి ముందు ఒకమ్మాయి తడిసిన గొడుగు ముడుస్తూ నిలబడింది.

"ఎవరమ్మా?"

"సారపాక దవాఖానా నుంచండి. రామారావు గారి సంతకం కావాలె, కేసు కాగితం మీద."

"లోపలికి రా తల్లీ. వాడు పొలంలో ఉన్నాడు, వచ్చేస్తాడు." ఆయన కాగితం తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. "దీనికోసం ఇంత దూరం వచ్చావా? పోస్టులో పంపితే వచ్చేది కదా."

"వచ్చేదండి."

"మరి?"

ప్రమీల నేల చూసింది. "ఎందుకొచ్చిన్నో నాకే సరిగ్గ తెలుస్తలేదండి. చేస్తున్న పని మీద మనసు నిలుస్తలేదు. నిన్న ఒకాయనకు జ్వరం మందు బదులు దగ్గు మందు ఇచ్చిన. ఆయనే చూసి తిరిగిచ్చిండు."

బసవపున్నయ్య కాగితం పక్కన పెట్టేశాడు.

అప్పటికే వెంకటరామారావు మోకాళ్ళ దాకా బురదతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చివరి మాటలు విన్నాడు.

"మీరే కదండీ రావద్దన్నారు."

"రానవసరం లేదన్న. రావద్దనలే."

"రెండూ ఒకటే అనుకున్నాను."

"మీరు అన్నీ గట్లనే అనుకుంటరు. జంపయ్యను ఎత్తుకుని బురదల నడిచొస్తుంటే జీపు కాడ నిలబడి చూసిన. కాళ్ళు వణుకుతున్నయ్, అయినా దించలే మీరు. అప్పటి సంది నాకు ఇట్లనే ఉంది. చెప్పనీకి నాకు చాతగాలే, అర్థం చేసుకోనీకి మీకు చాతగాలే."

అతను గుమ్మం పట్టుకుని ఆమెను చూస్తూ ఉండిపోయాడు. బురద కాళ్ళతో లోపలికి రావచ్చో లేదో కూడా తెలియలేదు.

"కడుక్కుని రారా," అన్నాడు బసవపున్నయ్య. ఆ అమ్మాయి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీ నాన్నగారు ఇంటి దగ్గర ఏ రోజు ఉంటారమ్మా?"

వెంకటరామారావు ఇంకా గుమ్మంలోనే ఉండగా ప్రమీల చెప్పింది. పెంకుల మీద వాన చప్పుడులో ఆయనకు వినపడలేదు.

"ఏ రోజు?"

"ఆదివారం," అన్నారు ఇద్దరూ ఒకేసారి.